యాభై నాలుగో ఏట మళ్ళీ ఇంగ్లీషు క్లాసు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, కొత్త టెక్నాలజీ గురించి ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. సరేనన్నాను. నా ఉద్యోగమంతా పంపులతోనే గడిచింది. పంపుల గురించి ఎంతసేపైనా మాట్లాడగలను గానీ, భోజనాలయ్యాక పంపుల గురించి చెబితే ఈ సభలో మెలకువగా ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే అవుతాను. అందుకని వేరే సంగతి చెబుతాను. నేను రెండేళ్ళ కింద, యాభై నాలుగో ఏట, మళ్ళీ విద్యార్థినయ్యాను. ఇంగ్లీషు ఎలా నేర్పాలో నేర్చుకోవడానికి యూనివర్సిటీలో చేరాను. ఎందుకు చేరానో చెప్పాలంటే ఒక తప్పు ఒప్పుకోవాలి. దాన్ని ఒప్పుకోవడానికి ఇంతకన్నా సరైన చోటు నాకు కనిపించలేదు.

నేను 1985లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. అప్పటికే మన సంఘం ఉంది. ఏడో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని సంఘం వాళ్ళు ఇదే మైదానంలో నాకు శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు బహుమతిగా ఇచ్చారు. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పుస్తకం మాత్రం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

మా రోజుల్లో ఇంగ్లీషు అంటే మీకు తెలుసు. క్లాసులో అరవై మందిమి. ఒక రీడరు, ఒక చాక్‌పీసు. మాస్టారు ఒక వాక్యం చదివి దాని అర్థం తెలుగులో చెప్పేవారు, మేం వెనకే అనేవాళ్ళం. అందరికీ కంఠతా వచ్చిన ఇంగ్లీషు ఒకటే, సెలవు చీటీ. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని నిద్రలో లేపినా చెప్పేవాళ్ళం. కడుపునొప్పి వచ్చినా జ్వరమే, పొలంలో పనున్నా జ్వరమే. ఎందుకంటే జ్వరానికి తప్ప దేనికీ మా దగ్గర ఇంగ్లీషు లేదు.

ఎనిమిదో తరగతిలో మా అక్క పెళ్ళి. అబద్ధం రాయడం ఇష్టం లేక, నేను బాగా ఆలోచించి, "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ మై అక్క మ్యారేజ్" అని రాసి ఇచ్చాను. మాస్టారు పైకి చదివారు. క్లాసు క్లాసంతా గొల్లుమంది. అర్థం తెలిసి నవ్వినవాళ్ళు నలుగురైదుగురు, మిగతావాళ్ళు వాళ్ళను చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు నవ్వలేదు. "ఎందుకురా నవ్వుతారు? మీరంతా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించారు. వీడొక్కడు తనకి కావలసిన మాట పెట్టి సొంతంగా వాక్యం రాశాడు. వాక్యం కొంచెం కుంటింది, అంతే" అన్నారు. తర్వాత నన్ను బల్ల దగ్గరికి పిలిచి ఆ వాక్యం ఎలా నడవాలో చూపించారు. మా మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన ఆ రోజు చేసిన పని ఎంత పెద్దదో నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఇక్కణ్ణించి వెళ్ళి ఇంటరు, ఆ తర్వాత ఇంజనీరింగు. ఇంటరు దాకా తెలుగు మీడియమే. ఇంజనీరింగులో మొదటి ఏడాది నేను క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు జడత్వం తెలుసు, త్వరణం తెలుసు, పౌనఃపున్యం తెలుసు. ద్రవ్యవేగం మీద లెక్క ఇస్తే అందరికన్నా ముందు చేస్తాను. కానీ లెక్చరరు గారు 'మొమెంటమ్' అంటుంటే అదెవరో కొత్త మనిషనుకున్నాను. అది మన ద్రవ్యవేగమే అని తెలిసేసరికి సగం పాఠం అయిపోయింది. తెలిసినవాణ్ణే తెలియనివాడిలా ఒక ఏడాది కూర్చున్నాను. ఇక్కడున్న చాలామందికి ఇది సొంత కథే. అందుకని దీన్ని పొడిగించను.

ఇప్పుడు నా తప్పు సంగతి.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీలో ట్రెయినీల కోసం ఇంటర్వ్యూలు. ప్యానెల్లో ముగ్గురం. నేను సీనియర్ని. మనలాంటి ఊరి నుంచే ఒక కుర్రాడు వచ్చాడు. చొక్కా కొత్తది, మడతలు ఇంకా పోలేదు. పంపులో కేవిటేషన్ అంటే ఏమిటని అడిగాం. ఆ అబ్బాయి కాసేపు పైకి చూశాడు. ఆ తర్వాత, "వాటర్ ఈజ్ బాయిలింగ్ వితౌట్ ఫైర్, సార్. బబుల్స్ ఆర్ కమింగ్ అండ్ బైటింగ్ ద ఐరన్" అన్నాడు. నిప్పు లేకుండా నీళ్ళు ఉడుకుతాయి, బుడగలు వచ్చి ఇనుమును కొరుకుతాయి అని. మా ముగ్గురిలో ఒకరు నవ్వారు. ఆయన్ని చూసి రెండో ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అబ్బాయి తరువాతి ప్రశ్నలు వేటికీ నోరు తెరవలేదు. కాగితం మీద 'కమ్యూనికేషన్ పూర్' అని రాశాం. కింద సంతకం నాది.

ఇంజనీరింగు తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. పంపు నీళ్ళు పీల్చుకునే వైపు పీడనం బాగా పడిపోతే, మామూలు వేడి దగ్గరే నీళ్ళు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆ బుడగలు పీడనం ఎక్కువున్న చోటికి వెళ్ళగానే ఒక్కసారిగా లోపలికి కుప్పకూలి, లోపల తిరిగే చక్రాన్ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి. పంపులో గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు వస్తుంది. కొన్నాళ్ళకు ఆ చక్రం మీద గుంటలు పడతాయి. కేవిటేషన్ అంటే ఇదే. ఇప్పుడు ఆ అబ్బాయి చెప్పింది మళ్ళీ వినండి. నిప్పు లేకుండా నీళ్ళు ఉడుకుతాయి, బుడగలు ఇనుమును కొరుకుతాయి. ఒక్క ముక్క తప్పు లేదు. పుస్తకంలో నిర్వచనం అప్పజెప్పి ఉంటే మేం ఉద్యోగం ఇచ్చేవాళ్ళం. అతను కళ్ళారా చూసింది సొంత మాటల్లో చెప్పాడు, అందుకని పంపేశాం.

ఇది నాకు ఆ రోజే తట్టి ఉంటే బాగుండేది. కొన్ని నెలల తర్వాత ఒక సైటులో పాడైన పంపు విప్పించాను. చక్రం చేతిలోకి తీసుకున్నాను. అంచుల వెంట ఎలుక కొరికినట్టు గుంటలు. పక్కనున్న ఫిట్టరుతో నా నోటి నుంచి వచ్చిన మాట, "చూశావా, ఎలా కొరికేసిందో!" అని. ఆ మాట నా చెవినపడ్డాక అక్కడే కూర్చుండిపోయాను. ఆ అబ్బాయి పేరు నాకు గుర్తు లేదు. తర్వాత ఆఫీసులో అడిగితే ఎంపిక కానివాళ్ళ కాగితాలు ఉంచరన్నారు. ఎనిమిదో తరగతిలో మాస్టారు నన్ను నవ్వుల నుంచి కాపాడారు. ఆయన శిష్యుణ్ణయి ఉండి, నా వంతు వచ్చినప్పుడు నేను నవ్వేవాళ్ళలో కలిశాను.

పశ్చాత్తాపం వచ్చిన వెంటనే యూనివర్సిటీకి పరిగెత్తానని చెబితే అబద్ధం. పిల్లల చదువులు, బదిలీలు, ఇంటి అప్పు, పదేళ్ళు గడిచిపోయాయి. అమ్మాయి ఉద్యోగంలో చేరాక హైదరాబాదు తార్నాకలో, ఉస్మానియా పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో దూరవిద్య కోర్సులో చేరాను. మన పాత మాస్టార్లకు అది సీఫెల్ అంటే తెలుస్తుంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే కేంద్ర సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది. 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఫీజు కట్టిన రోజు మా ఆవిడ, "పిల్లల ఫీజులు అయిపోయాయనుకుంటే ఇప్పుడు మీ ఫీజా!" అంది. సంప్రదింపు తరగతులకు వెళితే నా చుట్టూ అందరూ మా అమ్మాయి వయసువాళ్ళు. గేటు దగ్గర ఒకాయన నన్ను చూసి, "పేరెంట్స్ అటు కూర్చోండి సార్" అన్నాడు.

అక్కడ చదివేదాన్ని అనువర్తిత భాషాశాస్త్రం అంటారు. మనిషి భాషను ఎలా నేర్చుకుంటాడో తెలుసుకుని, ఆ తెలివిని క్లాసు గదిలో పనికి పెట్టడం. భౌతికశాస్త్రానికి ఇంజనీరింగు ఎలాగో, భాషాశాస్త్రానికి ఇది అలాగ. నాకు బాగా తగిలిన నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది తప్పుల గురించి. ఒకప్పుడు పండితులు అనుకున్నదేమిటంటే, మన భాషకూ నేర్చుకునే భాషకూ తేడా ఉన్నచోటల్లా తప్పులు వస్తాయి, కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు అని. రాబర్ట్ లాడో అనే ఆయన 1957లో దాని మీద పుస్తకమే రాశారు. అందులో నిజముంది. మన పిల్లవాడు "ఫీవర్ కేమ్ టు మీ" అని రాస్తే అది ఎక్కడిదో మనకు తెలుసు. నాకు జ్వరం వచ్చింది. తెలుగులో జ్వరం వస్తుంది, కోపం వస్తుంది, ఇంగ్లీషు కూడా వస్తుంది. మనం కదలం, అన్నీ మన దగ్గరికి వస్తాయి. ఇంగ్లీషులో మనిషే ముందు నిలబడి, జ్వరాన్ని తన దగ్గర ఉంచుకోవాలి.

కానీ అన్ని తప్పులూ తెలుగు నుంచి రావు. పిల్లలు 'గోడ్' అంటారు, 'కటెడ్' అంటారు. అలాంటి మాటలు ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పిల్లలు కూడా అంటారు. ఎవరూ నేర్పని మాటలు వాళ్ళకు ఎక్కణ్ణించి వచ్చాయి? జరిగిపోయినదానికి చివర 'ఎడ్' చేరుతుందనే సూత్రం వాళ్ళంతట వాళ్ళు పట్టుకున్నారు, దాన్ని అన్నిటికీ వాడుతున్నారు. ఎడిన్‌బరోలో పనిచేసిన పిట్ కార్డర్ అనే ఆయన 1967లో ఒక వ్యాసంలో ఈ సంగతే చెప్పారు. నోరు జారడం వేరు, నేర్చుకునేవాడు పద్ధతి ప్రకారం చేసే తప్పు వేరు. రెండో రకం తప్పు వాడి బుర్రలో ఏ సూత్రం నడుస్తోందో గురువుకు చూపిస్తుంది. 1972లో లారీ సెలింకర్ అనే అమెరికన్ దీనికి 'ఇంటర్‌లాంగ్వేజ్' అని పేరు పెట్టారు. నేను నడిమి భాష అని చెప్పుకున్నాను. అటు తెలుగూ కాదు, ఇటు పూర్తి ఇంగ్లీషూ కాదు. దానికంటూ ఒక వ్యాకరణం ఉంటుంది, అది రోజూ మారుతూ ఉంటుంది.

నేను ఇంజనీర్ని కాబట్టి నమ్మే ముందు పరీక్షించాలి. హెడ్‌మాస్టరు గారి అనుమతితో మన బడి తొమ్మిదో తరగతి పిల్లల వ్యాసాల నోటుబుక్కులు తీసుకెళ్ళి, ఒక్కో తప్పూ కాగితం మీదికెక్కించి రకాలుగా విడదీశాను. అజాగ్రత్త కనిపిస్తుందనుకున్నాను. కనిపించింది పద్ధతి. ఒక పిల్లవాడు ఒకే తప్పును పేజీ పొడుగునా ఒకేలా చేశాడు. యంత్రంలో లోపం అలా పదే పదే ఒకేలా వస్తే మేం సంతోషిస్తాం, కారణం దొరుకుతుంది కాబట్టి. పిల్లవాడి దగ్గర మాత్రం ఎర్ర సిరా తీస్తాం.

రెండోది శబ్దాల గురించి. ఇక్కడ నా గర్వం కొంత దిగింది. ముప్ఫై ఏళ్ళుగా మీటింగుల్లో నేను 'డెవలప్' అనే మాటను మొదటి అక్షరం మీద బరువు వేసి పలుకుతున్నాను. ఇంగ్లీషులో ఆ బరువు రెండో అక్షరం మీద పడాలట. తెలుగులో అక్షరాలు దాదాపు సమానంగా నడుస్తాయి. ఇంగ్లీషులో ఒక అక్షరం బరువుగా, మిగతావి తేలిగ్గా పోతాయి. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ, ఫొటోగ్రాఫిక్ అనే మూడు మాటల్లో బరువు మూడు చోట్లకు మారుతుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే మన ఊళ్ళో బస్సు, కారు, బల్బు అయ్యాయి. మన 'ట'కు నాలుక వెనక్కి మడుస్తాం, 'త'కు పళ్ళకు ఆనిస్తాం, ఇంగ్లీషువాళ్ళ శబ్దం ఈ రెంటి మధ్య పై చిగురు దగ్గర పుడుతుంది. ఇవి తెలిస్తే, పిల్లవాడు ఎందుకలా పలుకుతున్నాడో తెలుస్తుంది. వాణ్ణి లండనువాడిలా మాట్లాడించాలన్న పట్టుదల నాకు లేదు. ఎదుటివాడికి అర్థమైతే చాలు.

ఈ పాఠాల వల్ల ఇంకో లాభం కలిగింది. తెలుగు మీద గౌరవం పెరిగింది. "నువ్వు మీ ఇంట్లో ఎన్నో సంతానం?" అన్న ప్రశ్నను ఇంగ్లీషులో అడిగి చూడండి. 'ఎన్నో' అనే మాటకు అక్కడ సరైన మాట లేదు, చుట్టూ తిరిగి రావాలి. అలాగే 'మనం', 'మేము'. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషుకు రెంటికీ కలిపి ఉన్నది ఒక్క 'వి'. ఈ మాట చెప్పినప్పుడు మన పిల్లల మొహాలు వెలగడం చూశాను. తమ భాషలో ఉన్నది అవతల లేదని వాళ్ళకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మూడోది భయం. స్టీఫెన్ క్రాషెన్ అనే పండితుడు భయాన్నీ సిగ్గునూ ఒక ఫిల్టరుతో పోల్చారు. ఆయన సిద్ధాంతాల మీద వాదాలున్నాయి గానీ ఈ పోలిక నాకు వెంటనే ఎక్కింది. పీల్చే వైపు జాలీ మూసుకుపోతే పంపు ఎంత మంచిదైనా లాభం లేదు. నీళ్ళు లోపలికి రావు, పైగా నేను చెప్పిన ఆ బుడగలు పుట్టి చక్రాన్ని తినేస్తాయి. క్లాసులో నవ్వు చేసే పని అదే. ఒక్క నవ్వుతో ఆ అబ్బాయి నోరు మూతపడిపోవడం నేను కళ్ళారా చూశాను.

నాలుగోది పాఠం చెప్పే తీరు. పోయిన ఏడాది మన బళ్ళోనే తొమ్మిదో తరగతికి ఒక పాఠం చెప్పి చూశాను. రాత్రంతా తయారై, కాలాల మీద పెద్ద చార్టు గీసి, గంట సేపు దంచాను. పిల్లలు చక్కగా నోట్సు రాసుకున్నారు. ఒక్కళ్ళూ నోరు విప్పలేదు. వెనక కూర్చుని చూసిన మన ఇంగ్లీషు టీచరు గారు బయటికొచ్చాక మెల్లగా, "బాగుందండీ. కానీ మొత్తం మీరే మాట్లాడారు. ఇంగ్లీషు మీకు వచ్చు కదా, వాళ్ళకు కదా రావలసింది" అన్నారు. అమ్మా, మీరు ఇక్కడే ఉన్నారు. ఆ మాటకు నేను మీకు రుణపడి ఉన్నాను.

అప్పుడు ఎన్.ఎస్. ప్రభు గారి పుస్తకం మళ్ళీ తీశాను. ఆయన 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. బెంగుళూరు ప్రాజెక్టు అని ప్రపంచమంతా దానికి పేరు. 1987లో పుస్తకం వచ్చింది. ఆయన పద్ధతి ఏమిటంటే, వ్యాకరణం వరసగా చెప్పడం పక్కనపెట్టి పిల్లలకు ఒక పని ఇవ్వడం. ఒక మ్యాపు, ఒక రైల్వే టైమ్‌టేబుల్ ఇచ్చి చిక్కు విప్పమంటారు. మనసు చిక్కు మీద ఉంటే భాష దాని వెంట వస్తుందని ఆయన నమ్మకం. బెంచీలు తక్కువ, పిల్లలు ఎక్కువ ఉన్న మనలాంటి బడుల్లోంచి పుట్టి, మిగతా దేశాలవాళ్ళు చదువుకునే పద్ధతి అది.

రెండోసారి చార్టు తీసుకెళ్ళలేదు. మన బస్టాండులో బోర్డు మీదున్న బస్సుల వేళలు రాసుకెళ్ళాను. విజయవాడలో పదకొండు గంటలకు రైలుంది, ఏ బస్సు ఎక్కాలి, ఎందుకు, అని అడిగాను. కాసేపు నిశ్శబ్దం. రెండో బెంచీలో అమ్మాయి లేచి, "సార్, సెకండ్ బస్ నో. లేట్. ఫస్ట్ బస్ గో, ట్రైన్ క్యాచ్" అంది. దిద్దడానికి నోరు తెరిచాను. అంతలో ఇంటర్వ్యూ గది గుర్తొచ్చి ఆగాను. ఆ అమ్మాయి లెక్క పూర్తిగా సరైనది. "యెస్, వి షుడ్ టేక్ ద ఫస్ట్ బస్ అండ్ క్యాచ్ ద ట్రైన్" అని, ఒప్పుకుంటూనే సరైన వాక్యం వినిపించాను. దీన్ని 'రీకాస్ట్' అంటారు. తప్పు అనకుండా సరైనది చెవిన వేయడం. పదినిమిషాల తర్వాత ఇంకో పిల్లవాడు వేరే లెక్కకు, "వి షుడ్ గోయింగ్ నైట్ బస్" అన్నాడు. వ్యాకరణం ప్రకారం అదీ తప్పే. కానీ 'షుడ్' అనే మాట ఆ క్లాసులోకి వచ్చేసింది. ఆ ఆనందం నాకు ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి పంపు స్టార్ట్ చేసినప్పుడు తప్ప కలగలేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పిల్లలు తెలుగు మీడియంలో చదవాలా ఇంగ్లీషు మీడియంలో చదవాలా అన్న వాదన ఈ సభలో నేను ఎత్తను. రెండు వైపులా ఇక్కడే పెద్దలున్నారు. నేను చెప్పేది ఒక్కటే. మీడియం మార్చడం వేరు, భాష నేర్పడం వేరు. కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆయన వలస వచ్చిన పిల్లలను పరిశీలించి చెప్పిన సంగతి ఉంది. చుట్టూ ఇంగ్లీషే ఉన్న దేశంలో కూడా నలుగురితో మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్ళలో వస్తే, పాఠాలు చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందట. ఇంటి భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషకు అక్కరకొస్తుందని కూడా ఆయనే అన్నారు. మన పిల్లవాడికి బడి గంట దాటితే ఇంగ్లీషు వినబడదు. పుస్తకం మార్చి వాణ్ణి వదిలేస్తే, మేం సెలవు చీటీ అప్పజెప్పినట్టు వాడు సైన్సు పాఠం అప్పజెబుతాడు. వాడికి ద్రవ్యవేగమూ తెలియదు, మొమెంటమూ తెలియదు. నాకు కనీసం ఒకటి తెలుసు.

ఇప్పుడు నేను చేయబోయేది చెబుతాను. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్ళుంది. అప్పటిదాకా నెలకు రెండు శనివారాలు హైదరాబాదు నుంచి వచ్చి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు బడి అయ్యాక గంటన్నర ఇలాంటి క్లాసు నడుపుతాను. హెడ్‌మాస్టరు గారు గది ఇస్తామన్నారు. ఇంగ్లీషు టీచరు గారి పాఠానికి ఇది పోటీ కాదు, ఆవిడే నాకు గురువు. రెండేళ్ళ తర్వాత ఇక్కడికే వచ్చి స్థిరపడాలని ఉంది. ఎంతమందికి ఎంత ఇంగ్లీషు వస్తుందో హామీ ఇవ్వలేను. నేనింకా నేర్చుకుంటున్నవాణ్ణి. నా పాఠంలో తప్పులుంటాయి.

మీ దగ్గర నేను చందా అడగడం లేదు. మూడు పనులు అడుగుతున్నాను.

ఒకటి. మీలో నర్సులున్నారు, లారీ ఓనర్లున్నారు, రైతులున్నారు, అమెరికాలో సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళున్నారు. ఊరికి వచ్చినప్పుడు ఒక శనివారం క్లాసుకు రండి. మీ పని గురించి పిల్లలు మిమ్మల్ని ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారు, మీకు వచ్చిన ఇంగ్లీషులో జవాబు చెప్పండి. మీ ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. మీరు తడబడి కూడా ఆగకుండా చెప్పడం పిల్లలు చూడాలి.

రెండు. మీలో ఉద్యోగాలిచ్చే స్థితిలో ఉన్నవాళ్ళు చాలామంది. 'కమ్యూనికేషన్ పూర్' అని రాసే ముందు ఒక్కసారి కలం ఆపి, "తెలుగులో చెప్పు బాబూ" అని అడగండి. విషయం తెలియనివాడికి తెలుగులోనూ తెలియదు, అది వెంటనే బయటపడుతుంది. తెలిసినవాడైతే ఇంగ్లీషు తర్వాత నేర్పుకోవచ్చు. నేను ఆ రోజు ఆ నాలుగు మాటలు అడగలేదు.

మూడు. ఇంట్లో మీ పిల్లలు, మనవలు ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే నవ్వకండి. అలాగే తెలుగులో తప్పు మాట్లాడినా నవ్వకండి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఈ రెండోదే ఎక్కువ అవసరం. నానమ్మతో ఫోనులో వచ్చీరాని తెలుగు మాట్లాడే పిల్లవాడిది కూడా నడిమి భాషే. నవ్వితే అదీ ఆగిపోతుంది.

ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఇంకో కంపెనీ అతని మాట విని ఉంటుందని అనుకుంటాను. అలా అనుకోవడం నాకు సుఖం కాబట్టి అనుకుంటున్నానని కూడా తెలుసు. అతనికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇక్కడ తొమ్మిదో తరగతిలో రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయికి మాత్రం చేయగలిగింది ఉంది. అది నేనొక్కణ్ణి చేసేది కాదు. అందుకే ఇంతసేపూ 'నేను, నేను' అన్నవాణ్ణి, ఇప్పుడు ఇంగ్లీషులో లేని మన మాటతో ముగిస్తాను. ఈ పని మనం చేద్దాం.

 మా మాస్టారి జ్ఞాపకానికి నమస్కరిస్తూ, సెలవు.